మైక్రోకంట్రోలర్‌తో అనలాగ్ తరంగాలు: డాక్ ఇచ్చే విలువ, ప్రోగ్రాము ఇచ్చే సమయం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• డాక్ ఒక సంఖ్యను వోల్టేజిగా ఎలా మారుస్తుందో వివరించగలుగుతారు.
• 8051 మైక్రోకంట్రోలర్‌కు 8 బిట్ల డాక్‌ను కలిపి, వలయం సరిగా ఉన్నదో లేదో మల్టీమీటర్‌తో పరీక్షించగలుగుతారు.
• రంపపు పళ్ల తరంగం, సైన్ తరంగాల పౌనఃపున్యాన్ని ప్రోగ్రాములోని ఆదేశాల నుంచి లెక్కించగలుగుతారు.
• తరంగరూపం చెడిపోవడానికి గల కారణాలను గుర్తించి, సరిదిద్దే మార్గాన్ని ఎంచుకోగలుగుతారు.

1. పరిచయం

గత పాఠాలలో 8051 నిర్మాణం, ఆదేశాలు, టైమర్ల గురించి తెలుసుకున్నారు. ఆ మైక్రోకంట్రోలర్ పోర్టు పిన్ మీద ఉండగల స్థితులు రెండే. ఒకటి దాదాపు 0 వోల్టులు, రెండోది దాదాపు 5 వోల్టులు. ఎల్‌ఈడీ వెలిగించడానికి, రిలే నడపడానికి ఇవి చాలు. కాని లౌడ్‌స్పీకరుకు కావలసిన ధ్వని సంకేతం గాని, ఆంప్లిఫయర్‌ను పరీక్షించడానికి కావలసిన సైన్ తరంగం గాని ఈ రెండు స్థితులతో రాదు. వాటిలో వోల్టేజి మధ్య విలువలన్నింటి మీదుగా మారుతూ పోవాలి. అందుకోసం మైక్రోకంట్రోలర్‌కు, బయటి వలయానికి మధ్య డిజిటల్ సంఖ్యను అనలాగ్ వోల్టేజిగా మార్చే పరికరాన్ని ఉంచుతాం. దానినే డాక్ అంటాం.

చాలామంది విద్యార్థులు ఈ ప్రయోగంలో సంఖ్యల పట్టిక మీదనే దృష్టి పెడతారు. పట్టిక సరిగా ఉంటే తరంగం సరిగా వస్తుందనుకుంటారు. ఇది సగం నిజం మాత్రమే. తరంగం అంటే విలువ, సమయం రెండూ కలిసినది. డాక్‌కు తెలిసింది విలువ ఒక్కటే. ఏ విలువ ఎంతసేపు నిలవాలో దానికి తెలియదు. ఆ బాధ్యత పూర్తిగా మీ ప్రోగ్రాముది. శ్రుతి ఎంత బాగున్నా లయ తప్పితే పాట చెడిపోయినట్లే, విలువలు సరిగా ఉన్నా సమయం తప్పితే తరంగం చెడిపోతుంది.

ఇది ప్రయోగశాల మార్కులకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. ఆసుపత్రులలో ఈసీజీ మానిటర్‌ను పరీక్షించేటప్పుడు రోగికి బదులుగా ఒక సిమ్యులేటర్‌ను కలుపుతారు. గుండె స్పందనను పోలిన తరంగాన్ని అది పుట్టిస్తుంది. నిమిషానికి 60 స్పందనలు ఇవ్వవలసిన సిమ్యులేటర్ 55 ఇస్తే, మానిటర్ నిజాయితీగా 55 అనే చూపుతుంది. అప్పుడు పరీక్షించేవారు బాగున్న మానిటర్‌ను అనుమానిస్తారు, లేదా దాని అమరికను మార్చి నిజంగానే చెడగొడతారు. తరంగాన్ని పుట్టించే వలయం ఒక కొలబద్ద వంటిది. కొలబద్దే తప్పయితే దానితో కొలిచినవన్నీ తప్పవుతాయి.

2. డాక్ పనిచేసే విధానం

మన ప్రయోగశాలలలో తరచుగా కనిపించే డాక్0808 ను ఉదాహరణగా తీసుకుందాం. ఇది 8 బిట్ల డాక్. దీనికి 0 నుంచి 255 వరకు 256 వేర్వేరు సంఖ్యలను ఇవ్వవచ్చు. దీని అవుట్‌పుట్ వోల్టేజి కాదు, విద్యుత్ ప్రవాహం అని గుర్తుంచుకోండి.

14వ పిన్‌కు 10 వోల్టుల రిఫరెన్సును 5 కిలోఓమ్‌ల నిరోధకం ద్వారా కలిపితే రిఫరెన్సు కరెంటు 2 మిల్లీఆంపియర్లు అవుతుంది. డాక్ లోపలి నిచ్చెన వలయం ఈ కరెంటును సగం, పావు, ఎనిమిదో వంతు అనే క్రమంలో 256వ వంతు వరకు విభజిస్తుంది. ఏ బిట్ 1 గా ఉంటే దానికి చెందిన భాగం అవుట్‌పుట్‌లో చేరుతుంది. కాబట్టి

అవుట్‌పుట్ కరెంటు = రిఫరెన్సు కరెంటు × (సంఖ్య ÷ 256)

ఈ కరెంటును వోల్టేజిగా మార్చడానికి ఒక ఆపరేషనల్ ఆంప్లిఫయర్‌ను వాడతాం. దీనినే ఆప్-ఆంప్ అంటారు. ఫీడ్‌బ్యాక్ నిరోధకం కూడా 5 కిలోఓమ్‌లు అయితే

అవుట్‌పుట్ వోల్టేజి = 10 × (సంఖ్య ÷ 256) వోల్టులు

సంఖ్య 1 పెరిగితే వోల్టేజి సుమారు 39 మిల్లీవోల్టులు పెరుగుతుంది. ఇదే ఈ డాక్ పృథక్కరణ. 128 ఇస్తే 5 వోల్టులు, 255 ఇస్తే 9.96 వోల్టులు వస్తాయి. ఎప్పటికీ పూర్తి 10 వోల్టులు రావని గమనించండి. 256 మెట్లలో మొదటిది 0 కాబట్టి చివరిది 255 దగ్గరే ఆగిపోతుంది.

3. వలయాన్ని కలపడం, పరీక్షించడం

8051 లోని పోర్టు 1 ఎనిమిది పిన్‌లను డాక్ ఎనిమిది ఇన్‌పుట్‌లకు కలపాలి. డాక్‌కు +5 వోల్టులు, -15 వోల్టులు సరఫరా ఇవ్వాలి. 16వ పిన్ నుంచి -15 వోల్టుల పిన్‌కు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను కలపాలి. ఇక్కడ మూడు విషయాలలో జాగ్రత్త అవసరం.

మొదటిది, బిట్‌ల వరుస. డాక్0808 లో ఎ1 అని పేరున్న 5వ పిన్ అత్యధిక విలువ గల బిట్. ఎ8 అని పేరున్న 12వ పిన్ అత్యల్ప విలువ గల బిట్. మైక్రోకంట్రోలర్‌లో మాత్రం పిన్ సంఖ్య పెరిగేకొద్దీ విలువ పెరుగుతుంది. కాబట్టి పోర్టులోని 7వ బిట్‌ను ఎ1 కు, 0వ బిట్‌ను ఎ8 కు కలపాలి. చిన్న సంఖ్యను చిన్న సంఖ్యకు కలిపితే వరుస తలకిందులవుతుంది.

దీనిని కనిపెట్టడానికి ఆసిలోస్కోపు అక్కరలేదు. సంపర్క తరగతుల మధ్య ఇంటి దగ్గర సాధన చేసేవారు మల్టీమీటర్‌తోనే చూడవచ్చు. పోర్టుకు 128 పంపి ఆగిపోయే చిన్న ప్రోగ్రాము రాయండి. మీటరు 5 వోల్టులు చూపితే వరుస సరైనది. 39 మిల్లీవోల్టులు మాత్రమే చూపితే వరుస తిరగబడింది, ఎందుకంటే 128 పంపినా డాక్‌కు 1 అందింది. తరువాత 1, 2, 4, 8 అని ఒక్కొక్క బిట్‌నే పంపుతూ ప్రతిసారీ వోల్టేజి రెట్టింపు అవుతున్నదో లేదో చూడండి. ఏ తీగ వదులుగా ఉన్నా ఇక్కడే తెలిసిపోతుంది.

రెండవది, రీసెట్ స్థితి. 8051 రీసెట్ అయినప్పుడు పోర్టు బిట్‌లన్నీ 1 గా ఉంటాయి. అంటే ప్రోగ్రాము మొదటి విలువ పంపేలోగా డాక్ అవుట్‌పుట్ 9.96 వోల్టుల దగ్గర ఉంటుంది. అంత వోల్టేజిని తట్టుకోలేని వలయాన్ని ముందే కలిపి, ఆ తరువాత సరఫరా ఇస్తే అది దెబ్బతినవచ్చు. ముందు సరఫరా ఇచ్చి, అవుట్‌పుట్‌ను చూసి, ఆ తరువాతే తరువాతి వలయాన్ని కలపండి.

మూడవది, పోర్టు ఎంపిక. పోర్టు 1 కు లోపలే పుల్-అప్ నిరోధకాలు ఉన్నాయి. పోర్టు 0 ను వాడదలిస్తే వాటిని బయట నుంచి కలపాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
అ) పై వలయంలో డాక్‌కు 64 ఇస్తే అవుట్‌పుట్ వోల్టేజి ఎంత?
ఆ) 1 పంపినప్పుడు మీటరు 5 వోల్టులు చూపితే లోపం ఏమిటి?

4. రంపపు పళ్ల తరంగం

అన్నిటికన్నా తేలికైన ప్రోగ్రాము ఇది. మూడే ఆదేశాలు మళ్లీమళ్లీ నడుస్తాయి.

(1) అక్యుములేటర్‌లోని సంఖ్యను పోర్టు 1 కు పంపు: 1 మెషిన్ సైకిల్
(2) అక్యుములేటర్‌ను 1 పెంచు: 1 మెషిన్ సైకిల్
(3) మొదటి ఆదేశానికి వెళ్లు: 2 మెషిన్ సైకిళ్లు

255 తరువాత 1 పెంచితే 8 బిట్ల అక్యుములేటర్ తిరిగి 0 అవుతుంది. అందుచేత వోల్టేజి మెట్టుమెట్టుగా పైకి ఎక్కి ఒక్కసారిగా కిందికి పడుతుంది.

ఇప్పుడు సమయం లెక్క చూడండి. 8051 లో ఒక మెషిన్ సైకిల్‌కు 12 క్లాక్ కంపనాలు పడతాయి. క్రిస్టల్ 12 మెగాహెర్ట్జ్ అయితే మెషిన్ సైకిల్ సరిగ్గా 1 మైక్రోసెకను. ఒక మెట్టుకు 4 మైక్రోసెకన్లు, 256 మెట్లకు 1024 మైక్రోసెకన్లు. పౌనఃపున్యం సుమారు 976.6 హెర్ట్జ్.

కాని మీ కిట్‌లో 976.6 కు బదులు 900 హెర్ట్జ్ కనిపించవచ్చు. అప్పుడు ప్రోగ్రామును తప్పుపట్టే ముందు క్రిస్టల్ మీద రాసిన అంకెలు చదవండి. సీరియల్ ప్రసారానికి అనుకూలమని చాలా కిట్‌లలో 11.0592 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ అమర్చుతారు. అప్పుడు మెషిన్ సైకిల్ 1.085 మైక్రోసెకన్లు, ఆవర్తన కాలం 1111 మైక్రోసెకన్లు, పౌనఃపున్యం 900 హెర్ట్జ్. ఒక్క విలువ కూడా మారకుండానే తరంగం దాదాపు 8 శాతం నెమ్మదించింది. పరిచయంలో చెప్పిన సిమ్యులేటర్‌లో 60 స్పందనలు 55 కావడానికి ఈ తేడా ఒక్కటే చాలు.

త్రిభుజ తరంగానికి 0 నుంచి 255 వరకు పెంచి, తిరిగి 0 వరకు తగ్గించాలి. చతురస్ర తరంగానికి 0, 255 లను సమాన కాల వ్యవధులతో మార్చి పంపాలి.

5. సైన్ తరంగం: పట్టిక పద్ధతి

సైన్ విలువలను 8051 తో అప్పటికప్పుడు గణించడం చాలా నెమ్మది. కాబట్టి ముందే లెక్కగట్టి ప్రోగ్రాము మెమరీలో పట్టికగా ఉంచుతాం. డాక్‌కు రుణ సంఖ్యలు ఇవ్వలేము కనుక మధ్య బిందువును 128 గా తీసుకుంటాం.

సంఖ్య = 128 + 127 × సైన్ (కోణం)

30 డిగ్రీలకు ఒకటి చొప్పున 12 విలువలు తీసుకొని దగ్గరి పూర్ణాంకాలకు సవరిస్తే పట్టిక ఇలా ఉంటుంది:

128, 192, 238, 255, 238, 192, 128, 64, 18, 1, 18, 64

పట్టిక చిరునామాను డేటా పాయింటర్‌లో ఉంచి, ఒక రిజిస్టర్‌లో 12 ను లెక్కింపుకు పెట్టుకొని, ఒక్కొక్క విలువను చదివి పోర్టుకు పంపుతాం. అక్యుములేటర్‌ను 0 చేయడానికి 1, పట్టిక నుంచి చదవడానికి 2, పోర్టుకు పంపడానికి 1, డేటా పాయింటర్‌ను పెంచడానికి 2, లెక్క తగ్గించి వెనక్కి వెళ్లడానికి 2, మొత్తం 8 మెషిన్ సైకిళ్లు. 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌తో 12 విలువలకు 96 మైక్రోసెకన్లు. పౌనఃపున్యం 10.4 కిలోహెర్ట్జ్ అని మీరు రాసుకుంటారు. ఆసిలోస్కోపు మాత్రం 9.9 కిలోహెర్ట్జ్ చూపుతుంది.

తేడా ఎక్కడ వచ్చింది? పట్టిక ముగిసిన ప్రతిసారీ ప్రోగ్రాము వెనక్కి దూకాలి, డేటా పాయింటర్‌ను, లెక్కను మళ్లీ మొదటికి తేవాలి. దీనికి 2 + 2 + 1, అంటే 5 మెషిన్ సైకిళ్లు అదనం. మొత్తం 101 మైక్రోసెకన్లు. ఇక్కడ పౌనఃపున్యం తగ్గడం ఒక్కటే నష్టం కాదు. పదకొండు విలువలు 8 మైక్రోసెకన్ల చొప్పున నిలిస్తే, పన్నెండవది 13 మైక్రోసెకన్లు నిలుస్తుంది. ప్రతి ఆవర్తనంలోనూ ఒకే చోట తరంగం కుంటుతుంది. పట్టికలో తప్పు లేదు, వలయంలో తప్పు లేదు, అయినా తరంగం వికృతమైంది.

6. సమయాన్ని టైమర్‌కు అప్పగించడం

ఆదేశాలను లెక్కపెట్టి సమయాన్ని సరిచేసుకోవచ్చు. కాని ప్రోగ్రాములో ఒక్క ఆదేశం చేర్చినా లెక్క మారుతుంది. మంచి మార్గం టైమర్ ఇంటరప్టు. టైమర్ 0 ను మోడ్ 2 లో ఉంచితే, నిండిన ప్రతిసారీ అది మనం ఇచ్చిన సంఖ్యను తానే తిరిగి నింపుకుంటుంది. 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌తో 50 మైక్రోసెకన్లకు ఒక ఇంటరప్టు కావాలంటే నింపవలసిన సంఖ్య 256 - 50 = 206. పట్టికలో 18 డిగ్రీలకు ఒకటి చొప్పున 20 విలువలు ఉంచితే ఆవర్తన కాలం 1000 మైక్రోసెకన్లు, పౌనఃపున్యం 1 కిలోహెర్ట్జ్.

ఇంటరప్టు వచ్చాక 8051 స్పందించడానికి 3 నుంచి 8 మెషిన్ సైకిళ్లు పడుతుంది. ఆ సమయంలో నడుస్తున్న ఆదేశాన్ని బట్టి ఇది మారుతుంది. అందుకే ఇంటరప్టు రొటీన్‌లో మొదటి పని పోర్టుకు విలువ పంపడమే కావాలి. అంటే గత రొటీన్‌లో సిద్ధంచేసి ఉంచిన విలువను ముందు పంపి, ఆ తరువాత తీరికగా తరువాతి విలువను పట్టిక నుంచి తెచ్చుకోవాలి. ఈ క్రమాన్ని తారుమారు చేస్తే గణన నిడివిలోని హెచ్చుతగ్గులు కూడా తరంగంలోకి చేరతాయి.

7. ఆప్-ఆంప్ విధించే హద్దు

డాక్0808 అవుట్‌పుట్ స్థిరపడడానికి సాధారణంగా 150 నానోసెకన్లు పడుతుంది. దాని తరువాత ఉన్న 741 ఆప్-ఆంప్ అంత వేగమైనది కాదు. దాని అవుట్‌పుట్ ఒక మైక్రోసెకనులో 0.5 వోల్టు మాత్రమే మారగలదు. దీనిని స్లూ రేటు అంటారు.

రంపపు పళ్ల తరంగం 9.96 వోల్టుల నుంచి 0 కు పడడానికి 741 కు దాదాపు 20 మైక్రోసెకన్లు కావాలి. ఈలోగా ప్రోగ్రాము మరో ఐదు మెట్లు పైకి వెళ్లిపోతుంది. కాబట్టి తరంగం 0 వోల్టులను అందుకోకుండానే తిరిగి పైకి మళ్లుతుంది. నిలువుగా ఉండవలసిన గీత ఏటవాలుగా కనబడుతుంది. ఎల్‌ఎఫ్351 వంటి ఆప్-ఆంప్ స్లూ రేటు మైక్రోసెకనుకు 13 వోల్టులు. దానిని వాడితే అదే పతనం ఒక మైక్రోసెకను లోపే ముగుస్తుంది.

సైన్ తరంగానికి 741 తో గరిష్ఠ పౌనఃపున్యం = స్లూ రేటు ÷ (2 × 3.14 × కంపన పరిమితి). కంపన పరిమితి 5 వోల్టులైతే ఇది దాదాపు 16 కిలోహెర్ట్జ్.

8. మెట్లను నునుపు చేయడం

డాక్ ఒక విలువను తరువాతి విలువ వచ్చేదాకా పట్టి ఉంచుతుంది. అందుచేత మనం పొందేది సైన్ వక్రం కాదు, సైన్ ఆకారంలో పేర్చిన మెట్లు. ఈ మెట్లను విశ్లేషిస్తే అసలు పౌనఃపున్యంతో పాటు అనవసర పౌనఃపున్యాలు కొన్ని కనిపిస్తాయి. ఒక ఆవర్తనంలో 20 విలువలుంటే మొదటి అనవసర అంశాలు అసలు పౌనఃపున్యానికి 19, 21 రెట్ల దగ్గర ఉంటాయి. వాటి పరిమాణాలు అసలు అంశంలో 19వ వంతు, 21వ వంతు. 12 విలువలే వాడితే అవి 11, 13 రెట్ల దగ్గరకు వస్తాయి, పరిమాణాలు 11వ, 13వ వంతులకు పెరుగుతాయి. విలువలు పెంచేకొద్దీ మలినం తగ్గుతుంది, పైగా దూరంగా జరిగి వడకట్టడానికి వీలవుతుంది.

వడకట్టడానికి 10 కిలోఓమ్‌ల నిరోధకం, 0.0047 మైక్రోఫారడ్ కెపాసిటర్‌తో అల్పపౌనఃపున్య వడపోత వలయం చాలు. దీని కటాఫ్ పౌనఃపున్యం దాదాపు 3.4 కిలోహెర్ట్జ్. 1 కిలోహెర్ట్జ్ తరంగం 4 శాతం మాత్రమే తగ్గుతుంది. 19 కిలోహెర్ట్జ్ దగ్గరి మలినం 5 శాతం నుంచి సుమారు 1 శాతానికి దిగుతుంది. ఈ వలయం తరువాత కలిపే పరికరం ఇన్‌పుట్ నిరోధం 10 కిలోఓమ్‌ల కన్నా చాలా ఎక్కువగా ఉండాలి.

127 నుంచి 128 కు మారేటప్పుడు ఎనిమిది బిట్‌లూ ఒకేసారి మారతాయి. అన్నీ సరిగ్గా ఒకే క్షణంలో మారకపోతే అతి స్వల్పకాలం తప్పుడు వోల్టేజి మెరిసిపోతుంది. దీనిని గ్లిచ్ అంటారు. పై వడపోత దీనిని కూడా చాలావరకు అణచివేస్తుంది.

9. పౌనఃపున్యాన్ని సూక్ష్మంగా మార్చడం

టైమర్ వ్యవధిని 50 నుంచి 51 మైక్రోసెకన్లకు మారిస్తే 1000 హెర్ట్జ్ ఒక్కసారిగా 980 హెర్ట్జ్‌కు దిగుతుంది. మధ్య పౌనఃపున్యాలు కావాలంటే టైమర్‌ను కదపకుండా, పట్టికలో వేసే అడుగును మార్చాలి. 1971 లో టియర్నీ, రేడర్, గోల్డ్ అనే ముగ్గురు ఈ డిజిటల్ సంశ్లేషణ పద్ధతిని వివరించారు.

256 విలువల పట్టికను ఒక చక్రంగా ఊహించుకోండి. 16 బిట్ల రిజిస్టర్ జంటలో ప్రస్తుత దశను ఉంచి, ప్రతి ఇంటరప్టులో దానికి ఒక స్థిర సంఖ్యను కలుపుతాం. పై 8 బిట్‌లు పట్టికలో స్థానాన్ని చెబుతాయి. రిజిస్టర్ నిండి పొర్లితే చక్రం ఒక చుట్టు పూర్తయినట్లు.

పౌనఃపున్యం = అడుగు × ఇంటరప్టుల పౌనఃపున్యం ÷ 65536

50 మైక్రోసెకన్లకు ఒకటి అంటే సెకనుకు 20000 ఇంటరప్టులు. అడుగు 3277 అయితే 1000.06 హెర్ట్జ్ వస్తుంది. అడుగును 1 మారిస్తే పౌనఃపున్యం 0.3 హెర్ట్జ్ మాత్రమే మారుతుంది. సమయం స్థిరంగా నిలిచినందువల్లనే విలువలను ఇంత సూక్ష్మంగా నడపగలుగుతున్నాం.

10. డాక్ ఉన్న మైక్రోకంట్రోలర్లు

నేడు కొన్ని మైక్రోకంట్రోలర్లలో డాక్ లోపలే ఉంటుంది. మొదటి తరం ఈఎస్‌పి32 లో 8 బిట్ల డాక్‌లు రెండు, ఎస్‌టిఎం32ఎఫ్407 లో 12 బిట్ల డాక్‌లు రెండు ఉన్నాయి. రెండవదానిలో టైమర్ సంకేతం రాగానే డీఎంఏ వ్యవస్థ తరువాతి విలువను తానే డాక్‌కు అందిస్తుంది. ప్రాసెసర్ ప్రమేయం లేనందువల్ల ఇంటరప్టు ఆలస్యాల బెడద ఉండదు.

ఆర్డుయినో యునో ఆర్3 బోర్డులో మాత్రం డాక్ లేదు. అందులోని 'అనలాగ్ రైట్' అనే ఆదేశం పేరు చూసి మోసపోవద్దు. అది వెడల్పు మారే స్పందనలను మాత్రమే ఇస్తుంది. వాటి పౌనఃపున్యం ఎక్కువ పిన్‌ల మీద సుమారు 490 హెర్ట్జ్. మల్టీమీటర్ వాటి సగటును చూపుతుంది కనుక అనలాగ్ వోల్టేజి వచ్చిందన్న భ్రమ కలుగుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
అ) రంపపు పళ్ల ప్రోగ్రాములో 1 మెషిన్ సైకిల్ పట్టే ఖాళీ ఆదేశం ఒకటి చేర్చితే, 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌తో పౌనఃపున్యం ఎంత?
ఆ) సెకనుకు 20000 ఇంటరప్టులతో 440 హెర్ట్జ్ పొందడానికి అడుగు ఎంత ఉండాలి?

11. సారాంశం

డాక్ ఒక సంఖ్యను దానికి అనుపాతంలో ఉన్న వోల్టేజిగా మారుస్తుంది. ఆ సంఖ్యలను ఏ క్రమంలో, ఏ వ్యవధులతో పంపామన్న దానిని బట్టి తరంగం ఏర్పడుతుంది. బిట్‌ల వరుస, పృథక్కరణ, పట్టిక విలువకు సంబంధించినవి. క్రిస్టల్, ఆదేశాల నిడివి, ఇంటరప్టు ఆలస్యం, స్లూ రేటు సమయానికి సంబంధించినవి. మీ తరంగం ఆశించినట్లు రానప్పుడు ముందు 128 పంపి విలువను పరీక్షించండి. అది సరిగా ఉంటే పట్టికను మళ్లీమళ్లీ దిద్దకుండా సమయం వైపు చూడండి.

12. ప్రగతి పరీక్షలకు జవాబులు

1. అ) 2.5 వోల్టులు. ఆ) బిట్‌ల వరుస తలకిందులైంది.
2. అ) మెట్టుకు 5 మైక్రోసెకన్లు, ఆవర్తన కాలం 1280 మైక్రోసెకన్లు, పౌనఃపున్యం 781 హెర్ట్జ్. ఆ) 1442. దీనితో 440.06 హెర్ట్జ్ వస్తుంది.

13. మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. డాక్0808 ను 8051 కు అనుసంధానించే విధానాన్ని పటం సహాయంతో వివరించండి.
2. పట్టిక పద్ధతిలో సైన్ తరంగాన్ని పొందేటప్పుడు చివరి విలువ ఎక్కువసేపు నిలవడానికి కారణం ఏమిటి? దీనిని టైమర్ ఇంటరప్టు ఎలా సరిదిద్దుతుంది?
3. స్లూ రేటు అంటే ఏమిటి? రంపపు పళ్ల తరంగం మీద దాని ప్రభావాన్ని లెక్కతో చూపండి.
4. ఒక ఆవర్తనంలో 24 విలువలు వాడితే మొదటి అనవసర అంశాలు ఎక్కడ ఏర్పడతాయి? వాటి పరిమాణాలు ఎంత?